ఈలకి అవతలి వైపు

ఈల ఊదే ముందు ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తుంది. లోపల బఠాణీ గింజంత గుండు ఒకటి ఉంటుంది. అది కదిలిన చప్పుడు వినబడ్డాక, ఈలని చొక్కా అంచుతో తుడిచి, అప్పుడు పెదాల మధ్య పెట్టుకుంటుంది. ఎందుకలా అని ఎవరైనా అడిగితే, "లేచిందో లేదో చూస్తున్నా" అంటుంది. నిద్రలో ఉన్న గుండుని ఒక్కసారిగా ఊదితే ఈల జలుబు చేసినట్టు మోగుతుందని ఆమె నమ్మకం.

పిల్లలు ఆమెని ఈలమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు బడి నడిపే పెద్దమేడం కూడా ఒక్కోసారి నోరు జారి అలాగే పిలుస్తుంది.

బడి వెనక మైదానం. తెల్లవారేసరికి అక్కడ మంచు మోకాలెత్తున నిలబడి ఉంటుంది. పిల్లలు దాంట్లోకి దిగితే కాళ్ళు కనబడవు. నడుములు, భుజాలు, జడలు మాత్రం తేలుతూ ఉంటాయి. సున్నపు గీత పక్కన నిలబడి ఈలమ్మ ఈల ఊదుతుంది. పిల్లలు వెళ్ళిపోతారు. వాళ్ళు లేపిన గాలి ఆమె చొక్కాని ఒకసారి కదిపి ఊరుకుంటుంది.

ఆ తర్వాత కాసేపు ఆమె ఒక్కతే. అడుగుల చప్పుడు దూరంగా, మెత్తగా, ఎవరో గోడ అవతల దిండ్లు దులుపుతున్నట్టు వినిపిస్తుంది. తొందరేమీ లేదు. ట్రాక్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి వెళ్ళినవాళ్ళు తిరిగి ఆమె దగ్గరికే రావాలి. వచ్చేటప్పుడు ఆమె మొహాలు చూడదు. మోచేతులు చూస్తుంది. మనిషి అలసిపోయిన సంగతి మొహం దాచినా మోచెయ్యి దాచదు.

ఆమె ఈ పనికని రాలేదు. లైబ్రరీలో పుస్తకాలు దులపడానికి వచ్చింది. అప్పటి ఆటల మాస్టారు వేరే ఊరు వెళ్ళిపోతూ తన ఈలని లైబ్రరీ సొరుగులో వదిలేశాడు. "కొత్తాయన వచ్చేదాకా కాస్త పిల్లల్ని చూడమ్మా" అన్నారు అప్పటి పెద్దలు. కొత్తాయన రాలేదు. ఆ కాస్త అలా సాగి సాగి ఆమె జుట్టు నెరిసేదాకా వచ్చింది. చిన్నప్పుడు ఆమె కూడా పరిగెత్తేది. వీధి చివర నుంచి చివరికి, ఎవరూ తరమకుండానే. ఈల చేతికొచ్చిన రోజు నుంచి పరిగెత్తలేదు. ఎవరూ వద్దనలేదు. ఊదేవాళ్ళు ఆగుతారు, విన్నవాళ్ళు వెళ్తారు. అంతే కదా అనుకుంది.

ఒకరోజు పెద్దమేడం ఆమెని గదిలోకి పిలిపించింది. ఆ గది పై అంతస్తులో ఉంటుంది. కిటికీలోంచి మైదానం మొత్తం కనిపిస్తుంది. టీ కప్పు పట్టుకుని పెద్దమేడం రోజూ అక్కణ్ణించే చూస్తుంది. చెప్పులు తడుస్తాయని గడ్డి మీదికి మాత్రం ఎన్నడూ దిగలేదు.

"కూర్చో."

"కాళ్ళకి బురదండీ. నిలబడతాను."

"కూర్చోమంటే కూర్చో. నిలబడి వినే కబురు కాదిది."

ఈలమ్మ కుర్చీ అంచున కూర్చుంది. పెద్దమేడం మెల్లగా చెప్పింది. ఇకమీదట ఏ బడిలోనైనా పిల్లలకి ఆట నేర్పేవాళ్ళకి లైసెన్సు ఉండాలట. పోలీసుల దగ్గర నుంచి మంచి నడతని ధ్రువీకరించే కాగితం, పిల్లలతో ఎలా మెలగాలో శిక్షణ, ఆట నియమాల మీద పరీక్ష, ప్రథమ చికిత్స పరీక్ష. అన్నీ దాటితే మెడలో వేసుకునే కార్డు ఇస్తారు. కార్డు లేనివాళ్ళు ఆట మైదానం కంచె లోపలికి రాకూడదు.

"మన మైదానంలో కూడానా అండీ?"

"మన మైదానంలో కూడా."

"మరి రిలే పిల్లలు?"

బడుల మధ్య పోటీలు దగ్గరపడ్డాయి. రిలేకి నలుగురు ఆడపిల్లల్ని ఈలమ్మ ఏడాదిగా తయారుచేస్తోంది. కర్ర చేతులు మారేటప్పుడు వెనక్కి తిరిగి చూడకుండా అందుకోవడం వాళ్ళకి ఈమధ్యే వంటబట్టింది.

"నీకు కార్డు రాకపోతే పొరుగు బడి కోచ్ వచ్చి వాళ్ళ పక్కన నిలబడతాడు. నువ్వు కంచె బయట నుంచి చూడొచ్చు." పెద్దమేడం కిటికీ వైపు చూసింది. "నాకూ ఇష్టమై చెప్పట్లేదు. కానీ రూలు తప్పు అని కూడా అనలేను. అక్కడ ఎవరైనా పిల్ల పడిపోతే నీకేం తెలుసు చెప్పు?"

ఈలమ్మ ఆలోచించింది. "నీళ్ళు తాగిస్తాను."

"అదే తాగించకూడదట ఒక్కోసారి."

ఈలమ్మ ఆశ్చర్యపోయింది. తర్వాత చాలాసేపు ఆ మాట ఆమెతోనే ఉంది.

ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. బూట్లు విప్పుతూ విని, పెద్దగా నవ్వాడు.

"ఇన్నేళ్ళూ లైసెన్సు లేకుండానే నన్ను నడిపావన్నమాట!"

"మీరు ఎప్పుడు సరిగ్గా నడిచారు గనక."

"బ్రేకులు నీ దగ్గర ఉంచుకుంటే బండి ఎలా నడుస్తుందే?"

అంటూనే లేచి, తన లైసెన్సు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పాత ఫోటోలో మీసాలు నల్లగా ఉన్నాయి. "మొదటిసారి నేనూ తప్పాను. వెనక్కి పోనివ్వమంటే ముందుకి పోనిచ్చా. గోడకి గుద్దా. ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా." ఆమె ఆ లైసెన్సు మీది ఫోటోని చాలాసేపు చూసింది. ఆ మీసాలవాడు గోడ ముందు దిగాలుగా నిలబడినట్టు కనిపించాడు.

పోలీసు స్టేషన్లో బల్ల వెనక కూర్చున్న కానిస్టేబులు, "మీ మీద కేసులేమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగాడు.

"లేవు బాబూ. నేను ఎక్కడికీ పరిగెత్తను. పరిగెత్తిస్తానంతే."

"మేమూ అంతేనమ్మా" అని ముద్ర కొట్టి ఇచ్చాడు.

పిల్లలతో మెలగడం గురించిన శిక్షణలో, తాకే ముందు అడగాలని నేర్పారు. ఈలమ్మకి అది వింతగా తోచింది. మర్నాడు మైదానంలో రిలే పిల్లల్లో చివర పరిగెత్తే పొడుగమ్మాయి దగ్గరికి వెళ్ళి, "భుజం పట్టుకుని సరిచెయ్యనా?" అంది. పొడుగమ్మాయి కిసుక్కున నవ్వింది.

"ఇదేంటి ఈలమ్మా, కొత్తగా? అడగాలా?"

"అడగాలట."

పిల్ల కాసేపు గడ్డి వైపు చూసింది. "అయితే ఇవాళ వద్దు" అంది, నెమ్మదిగా.

ఈలమ్మ చెయ్యి గాల్లోనే ఆగి, తిరిగి వచ్చింది. ఇన్నేళ్ళుగా ఎన్ని భుజాలు, ఎన్ని 'ఇవాళ వద్దు'లు, తను వినకుండానే వెళ్ళిపోయాయో. ఆ రోజు ఆమె నోటితోనే చెప్పింది. "గుమ్మంలోంచి వంగి వెళ్ళేటట్టు వెళ్ళు" అంది. పిల్లకి అర్థమైంది.

నియమాల పరీక్ష కూడా అయిపోయింది. ఇక మిగిలింది ప్రథమ చికిత్స.

దానికి ఆడపడుచు సాయం వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. రాగానే మంచం మీది దిండు తీసి నేల మీద పడేసింది.

"రా వదినా, వీడు పడిపోయాడు. బతికించు."

"ఎవడు వీడు?"

"ఎవడైతే ఏంటి? మా అన్నయ్యే అనుకో."

"మీ అన్నయ్యైతే కాస్త ఆగి మొదలుపెడతాను" అంది ఈలమ్మ. పక్క గదిలోంచి దగ్గు వినిపించింది.

ఆడపడుచు చూపించింది. ముందు భుజాలు తట్టి పిలవాలి. పలక్కపోతే, ఊపిరి సరిగ్గా ఆడకపోతే సాయానికి కేకెయ్యాలి. అరచేతి మడమ గుండెల మధ్య పెట్టి, రెండో చెయ్యి పైన వేసి, మోచేతులు వంచకుండా నొక్కాలి. "మోచేతులు వదినా, మోచేతులు" అంది. ఈలమ్మకి నవ్వొచ్చింది. ఇక్కడ కూడా అవే. కొన్ని సాయంత్రాలకి దిండులో పత్తి మధ్య నుంచి రెండు పక్కలకీ జరిగిపోయి, నడుమ లోయలా తయారైంది. ఈలమ్మ తలగడగా అదే పెట్టుకుంది. ఆ లోయలో చెవి ఆనిస్తే, తన రక్తం చప్పుడే దూరంగా అడుగుల చప్పుడులా వినిపించేది.

పరీక్ష రోజు పొద్దున్నే మెడలో ఈల వేసుకుని బయల్దేరింది.

"ఇవాళ కూడా అదెందుకే?" అన్నాడు మొగుడు. "పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు."

"ఉండనివ్వండి. లేకపోతే మెడ తేలిపోతుంది."

శిక్షణ కేంద్రం హాలు పొడుగ్గా, చల్లగా ఉంది. కిటికీ అద్దాలకి తెల్లరంగు వేసి ఉండడంతో వెలుతురు పాలు కలిపినట్టు పడుతోంది. నేల మీద చాపలు. ఒక్కో చాప మీద ఒక్కో బొమ్మ, నడుం దాకానే ఉన్న మనిషి, కళ్ళు మూసుకుని. కాళ్ళు లేవు. ఈలమ్మకి మైదానంలో మంచు గుర్తొచ్చింది. వీళ్ళ కాళ్ళు కూడా కిందెక్కడో ఉండే ఉంటాయనిపించింది. సరిగ్గా నొక్కితే బొమ్మ భుజం దగ్గర పచ్చ దీపం వెలుగుతుందని శిక్షకుడు చెప్పాడు. దృఢమైన మనిషి, గొంతు మాత్రం తగ్గించి మాట్లాడతాడు.

"నేను ఈల ఊదగానే మొదలుపెట్టాలి. ఈల వినిపించిందంటే మీ ఎదురుగా పిల్లాడు పడ్డాడని లెక్క. ఆలోచించడానికి టైముండదు."

ఈలమ్మకి ఒక పక్క ఈత నేర్పే అమ్మాయి. ఇంకో పక్క సన్నటి మనిషి, లావుపాటి కళ్ళద్దాలు, చదరంగం మాస్టారు.

"మీకూ ఇది ఉండాలా మాస్టారూ?" అని గుసగుసగా అడిగింది.

"అందరికీ ఉండాలట. మా పిల్లలు కూర్చున్నచోటి నుంచి కదలరండీ. పడితే రాజే పడాలి. వాడి గుండె మీద నొక్కితే గుచ్చుకుంటుంది."

ఈలమ్మ నవ్వు ఆపుకుంటుండగా ఈల మోగింది.

అందరూ వంగారు. మోకాళ్ళు చాపల మీద పడ్డ చప్పుడు. పిలుపులు, కేకలు. అప్పుడు చేతులు ఆడడం మొదలైంది. హాలంతా ఒకే ఊపిరిలా పైకీ కిందికీ. ఎంత బాగుంది అనుకుంది ఈలమ్మ. వెలుతురులో ఆ వంగిన వీపులు, వరసగా, గాలికి వాలే గడ్డిలా. ఆమె వరస వెనక నుంచి మెల్లగా నడిచింది. ఈత అమ్మాయి దగ్గర ఆగింది. "భుజాలు దించమ్మా." చదరంగం మాస్టారి దగ్గర ఆగింది. "మోచెయ్యి. మోచెయ్యి మాస్టారూ. ఆ, అలా." మాస్టారి బొమ్మ భుజం మీద పచ్చ దీపం వెలిగింది. ఆమెకి సంతోషమేసింది.

ఈల మళ్ళీ మోగింది. చేతులు ఆగాయి. నిశ్శబ్దంలో శిక్షకుడు ఆమె చాప వైపు చూశాడు.

"అమ్మా, మీ పిల్లాడు పోయాడు."

ఒకరిద్దరు నవ్వారు. ఈలమ్మ తన చాప చూసింది. బొమ్మ పడుకునే ఉంది. ఎవరూ దాని భుజం తట్టలేదు. పేరు పెట్టి పిలవలేదు. ఇంతసేపూ హాల్లో అందరి దగ్గరా ఎవరో ఒకరు ఉన్నారు, దానికి తప్ప.

"నాకు వచ్చండీ" అంది. "అంతా వచ్చు. ఈల మోగితే... నేను కదలనండీ. కదలడం పిల్లల పని."

శిక్షకుడు నవ్వలేదు. "తెలుస్తూనే ఉంది. వాళ్ళ మోచేతులు నాకన్నా బాగా సరిచేశారు. కానీ మీకు మార్కు వెయ్యలేను. మైదానంలో పడ్డవాడికి అది చాలదు."

ఆమె తలూపింది. అది నిజమని ఆమెకి తెలుసు.

"భోజనాలయ్యాక తప్పినవాళ్ళకి ఇంకొక్కసారి పెడతాను. అప్పుడూ కాకపోతే మళ్ళీ వచ్చే బ్యాచ్‌లోనే."

వచ్చే బ్యాచ్ అంటే పోటీలు అయిపోయాక. కంచె బయట నిలబడి, వేళ్ళు తీగల్లో దూర్చి, వేరేవాళ్ళ ఈల వింటూ.

హాలు వెనక ఖాళీ పెరడు ఉంది. ఒక పక్క సైకిళ్ళు, ఎదురుగా గోడ, గోడ మీద మధ్యాహ్నం ఎండ పచ్చగా ఆరబెట్టినట్టు. ఈలమ్మ తెచ్చుకున్న డబ్బా విప్పకుండా మెట్టు మీద కూర్చుంది. చదరంగం మాస్టారు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నా దీపం మీ పుణ్యమే. తిరిగి ఏదైనా చెయ్యనా?"

ఆమె మెడలోంచి ఈల తీసింది. అది ఆమె మెడ దిగి ఇంకొకరి చేతికి వెళ్ళడం అదే మొదలు. "ఇది ఊదండి. నేను అక్కడ నిలబడతాను. మోగగానే ఆ గోడ దాకా పరిగెత్తాలి."

"బొమ్మ మీద కదా సాధన చెయ్యాల్సింది?"

"బొమ్మ పని చేతులకి వచ్చు. ఇది కాళ్ళకి రావాలి."

మాస్టారు ఊదాడు. ఈల జలుబు చేసినట్టు మోగింది. ఈలమ్మ నిలబడే ఉంది. మళ్ళీ ఊదాడు. ఆమె అతని బుగ్గల వైపు చూస్తూ ఉండిపోయింది.

"నేను సరిగ్గా ఊదట్లేదా?"

"చెవి దగ్గర ఆడించలేదు మీరు. లేవలేదది."

మాస్టారు ఆడించాడు. తల పక్కకి వంచి, ఎత్తు వెయ్యబోయేవాడిలా శ్రద్ధగా విన్నాడు. "లేచిందండీ."

"నా వైపు తిరగకండి. గోడ వైపు తిరిగి ఊదండి."

ఇప్పుడు ఆమె ముందు ఎవరూ లేరు. సరిచెయ్యడానికి మోచేతులు లేవు. సైకిళ్ళ నీడలు, ఎండ, గోడ. చాలా ఏళ్ళ కిందటి వీధి ఒకటి ఆ గోడ లోంచి మొదలైనట్టు అనిపించింది. ఆ వీధికి చివర లేదు.

ఈల మోగింది.

ఏం జరిగిందో ఆమెకి తర్వాత సరిగ్గా గుర్తులేదు. నేల మెత్తగా ఉంది. గాలి ఇన్నాళ్ళూ వెళ్ళేవాళ్ళతో పాటు వెళ్ళిపోయి ఆమెకి అంచు మాత్రం తగిలేది. ఇప్పుడు అదే గాలి ఎదురొచ్చి, మొహాన్ని రెండు చేతులతో పట్టుకుంది. మోకాలు ఒకటి కలుక్కుమంది. గోడ వచ్చి ఆమె అరచేతుల్ని ఆపింది. వెచ్చగా ఉంది. దాని మీద అలాగే వాలి నిలబడింది. గోడలో గుండె కొట్టుకుంటోంది.

"బతికే ఉన్నారా అండీ?" అని కేకేశాడు మాస్టారు వెనకనుంచి. "పడితే చెప్పండి, నాకు ఇప్పుడు వచ్చు."

రెండోసారి హాల్లో ముగ్గురే ఉన్నారు. తెల్లటి వెలుతురు కాస్త వాలింది. శిక్షకుడి ఈల మొదలై ఆగేలోపే ఈలమ్మ మోకాళ్ళు చాప మీద ఉన్నాయి. భుజాలు తట్టింది. "నాన్నా, నాన్నా" అని పిలిచింది. కేకేసింది. నొక్కింది. పక్కన ఎవరున్నారో, వాళ్ళ మోచేతులు ఎలా ఉన్నాయో ఆమెకి తెలీదు. చేతుల కింద లోయ, లోయలో అడుగుల చప్పుడు, వస్తూ, పోతూ, మళ్ళీ వస్తూ. పచ్చ దీపం వెలిగిందన్న సంగతి కూడా చూడలేదు.

"చాలమ్మా" అంటూ శిక్షకుడు వంగి ఆమె చెవి దగ్గర చెప్పాల్సి వచ్చింది. "లేచాడు."

సాయంత్రం మొగుడు ఆమె తెచ్చిన కార్డుని దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఫోటోలో ఆయాసపడుతున్నట్టున్నావు."

"పరిగెత్తాక తీశారు."

ఆయన తలెత్తి చూశాడు. కార్డు తీసి తన లైసెన్సు పక్కన పెట్టాడు.

మర్నాడు పొద్దున మైదానంలో మంచు ఎప్పటిలాగే ఉంది. ఈలమ్మ పిల్లలకన్నా ముందే వచ్చి సున్నంతో గీతలు వేసింది. రిలే పిల్లలు నలుగురూ వచ్చి చూస్తే ఒక గీత ఎక్కువ ఉంది.

"తప్పు వేశారు ఈలమ్మా" అంది పొడుగమ్మాయి.

ఈలమ్మ బడి వైపు చూసింది. కార్డు చూద్దామని పెద్దమేడం కిందికి దిగి వస్తోంది. చెప్పులు చేత్తో పట్టుకుని, తడి గడ్డి మీద ఒక్కో పాదమే ఎత్తి పెడుతూ, ముళ్ళ మీద నడుస్తున్నట్టు. దగ్గరికొచ్చేసరికి ఈలమ్మ మెడలోంచి ఈల తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"నేనా? నాకు రాదు."

"ముందు చెవి దగ్గర ఆడించండి. లేచాక ఊదండి."

తర్వాత వెళ్ళి ఆ ఎక్కువ గీత వెనక నిలబడింది. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని వంగారు. ఈలమ్మ కూడా వంగింది. పెద్దమేడం ఈల ఆడించి, విని, మళ్ళీ విని, ఊదింది.

మంచు మీద అయిదు నడుములు తేలుతూ వెళ్ళాయి. అన్నిటికన్నా వెనక ఉన్నది ఈలమ్మది.